దారుశిల్పి: అతని చేయి, అతని పేరు



గ్రంథాలయ రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగమునకు విషయము మాత్రము గ్రంథమునకు అంతగా నోచుకొనని ఒక విద్య. ఱాతిని చెక్కినవానిని గూర్చి శాసనములు పలుకును. పద్యము చెప్పిన కవి ఆశ్వాసాంతమున తన పేరును, తండ్రి పేరును, గోత్రమును గూడ చెప్పుకొనును. కొయ్యను తొలిచి మనుష్యుని, మృగమును, దేవతను నిలిపినవానిని గూర్చి పలుకు కాగితము మిక్కిలి అరుదు. అతడే దారుశిల్పి. ఇంటి భాషలో చెప్పవలెనన్న కొయ్యబొమ్మల పనివాడు.

మన పల్లెలనుండి చదువుకొని పోయిన బిడ్డలనేకులు నేడు హైదరాబాదునకు పడమటనున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కంప్యూటరు ఉద్యోగములు చేయుచున్నారు. అచ్చట హైటెక్ సిటీకి మొదటి గుఱుతుగా నిలిచిన సైబర్ టవర్స్ భవనము 1998లో ప్రారంభమైనది. పిమ్మట అద్దాల మేడలు వరుసలుగా లేచినవి. ఆ ప్రాంతమునకు సైబరాబాదు అను పేరు స్థిరపడినది. 2020లో దుర్గం చెఱువుమీద తీగల వంతెన గూడ వచ్చినది. కాని ఆ మాదాపూరులోనే చేతిపనివారి కొఱకు శిల్పారామము వెలసినది 1992లో. అనగా ఆ బండలనేలమీద కంప్యూటరు కంటె ఆఱేండ్లు ముందుగా కాలూనినవి ఉలియు, బాడిసయు. నిత్యము ఆ దారిన పోవు ఉద్యోగులలో ఈ సంగతి నెఱిగినవారెందఱో!

శిల్పారామములో ఒక గ్రామీణ మ్యూజియము కలదు. పూరిండ్లును, వానిముంగిట తమ తమ పనులలో నిమగ్నులైన పల్లెజనుల నిలువెత్తు బొమ్మలును అందు చూడవచ్చును. నగరమున పుట్టిన పిల్లలు వానిని వింతగా చూతురు. ఆ మ్యూజియము వెలుపల అంగళ్లలో ప్రాణమున్న పనివారే కూర్చుండియుందురు. బొమ్మగా మారిన చేతిపనివానికి దక్కు ఆదరము, బొమ్మను చేసి తెచ్చినవానికి దక్కుచున్నదా అనునది ఆలోచింపదగిన ప్రశ్న. అంగడి కడకు వచ్చినవారు బొమ్మను చేతబట్టి మొదట అడుగునది దాని వెల. రెండవసారి అడుగునది వెల తగ్గింతురా అని. ఇది చేసినదెవరు అను ప్రశ్న పుట్టుట తక్కువ. ఈ ప్రసంగమంతయు ఆ పుట్టని ప్రశ్నను గూర్చియే.

ఆ అంగళ్లకు తెలుగునేల నాలుగుదిక్కుల నుండియు కొయ్యపని వచ్చును. ఏటికొప్పాకనుండి వచ్చునవి అంకుడుకఱ్ఱను లేతుపై త్రిప్పి, లక్కరంగు పట్టించినవి. నునుపునకు అవి పెట్టినది పేరు. అయితే అవి త్రిప్పినవి గాని చెక్కినవి కావు. శ్రీకాళహస్తి సమీపమున మాధవమాల గ్రామపు శిల్పులు దేవతామూర్తులను, గుడి తలుపులను, వాహనములను చెక్కుదురు. నిర్మల్ పనివారు జంతువులను, పక్షులను, ఫలములను జీవకళతో చేయుదురు; వీరు 1955లో సహకార సంఘముగా ఏర్పడిరి. ఇక మనుష్యుల బొమ్మలకు, మనుష్యుల బ్రదుకుల బొమ్మలకు కొండపల్లియే కొండపల్లి.

కొండపల్లి విజయవాడకు చేరువనున్న కోటయూరు. అచ్చటి పనివారు ఆర్యక్షత్రియులు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరనియు, తాము ముక్తర్షి సంతతివారమనియు, ఆ ఋషికి ఈ విద్య శివుని అనుగ్రహమున లభించెననియు వారు చెప్పుకొందురు. ఐతిహ్యమెట్లున్నను వారి చేతిపని కంటికి కనబడునదే. దశావతారములు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, పెండ్లిపల్లకి, తాడిచెట్టు నెక్కు గీతగాడు, నీళ్లు తోడు పడతి, ధాన్యము దంచు ఇల్లాలు: వీరందఱు ఆ కొయ్యలో కొలువుదీరినారు. సంక్రాంతికిని దసరాకును బొమ్మల కొలువు పెట్టిన తెలుగిండ్లలో ఈ బొమ్మ లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. దేవతల పక్కనే గీతగానిని గూర్చుండబెట్టిన ఆ కొలువు చాల పెద్ద మనసు గలది.

ఆ బొమ్మ పుట్టు విధము వినదగినది. దానికి వాడు కొయ్య తెల్లపొణికి. చూపునకు తెలుపు, చేతికి తేలిక, ఉలికి మెత్తన. అట్లని కొట్టి తెచ్చిన వెంటనే పని మొదలుపెట్టరు. అందులోని తేమ తీయవలెను. ఎండబెట్టి, సన్నని సెగమీద కాచి, చెమ్మ లేకుండ చేయుదురు. సెగ ఎక్కువైన కొయ్య పగులును. తక్కువైన లోని తేమ మిగిలి, రంగు వేసిన పిమ్మట బొమ్మ బీటలు వాఱును. ఈ సెగ కొలత ఏ పుస్తకములోను లేదు. తాత చేతినుండి మనుమని చేతికి వచ్చుచున్నది.

తరువాత మొదట మొండెము. బాడిసతో పైపై ఆకృతి దించి, ఉలితో లోపలికి పోవుదురు. చేతులు, కాళ్లు, తొండము, గొడుగు వేఱువేఱుగా చెక్కి అతుకుదురు. అతుకు మందు చింతగింజల పిండియు, రంపపుపొట్టును గలిపి చేసిన మక్కు. ఈ మక్కు జిగురు మాత్రమే కాదు. చీరకుచ్చెళ్లు, నగలు, జడ వంటి సన్నని ఉబ్బులు దీనితోనే దిద్దుదురు. చెక్కుటయనగా తీసివేయుట, దిద్దుటయనగా చేర్చుట. ఱాతిశిల్పికి తీసివేత యొక్కటే దిక్కు. ముక్కు విఱిగినచో తిరిగి పెట్టలేడు. కొండపల్లివాడు తీసివేతను, చేర్పును ఒకే బొమ్మలో నడుపును. జమయు ఖర్చును ఒకే పుటలో నడిపించు లెక్కవ్రాతగాండ్రకు ఇది తేలికగా బోధపడును.

అతికిన బొమ్మను ఆకురాయితో నున్నగా రుద్ది, సున్నపుపూత పూసి, ఆరిన పిదప రంగులు వేయుదురు. సాధారణముగా చెక్కుట పురుషుల పని, రంగులు దిద్దుట స్త్రీల పని. కనుబొమ్మ గీసి, కంటిలో నల్లచుక్క పెట్టువఱకు అది కొయ్య; పెట్టిన పిమ్మట అది మనిషి. విగ్రహములకు కనులు తెఱచుట గొప్ప క్రతువుగా జరుగుట అందఱు ఎఱిగినదే. కొండపల్లి యింటిలో ఆ పని ఒక ఇల్లాలు, వంటకు వంటకు నడుమ, మేకవెండ్రుకల కుంచెతో చేసివైచును. దానికి మంత్రము లేదు, దక్షిణ లేదు.

దేవతామూర్తులకు శాస్త్రము విధించిన కొలతలున్నవి. నవతాళమనగా ముఖము నిడివికి తొమ్మిదింతల ఎత్తు, నూటయెనిమిది అంగుళములు. మాధవమాల శిల్పి ఆ తాళమానమును విడువరాదు. కొండపల్లివానికి అట్టి కట్టడి లేదు. గీతగానికి శాస్త్రమేమి కొలత చెప్పును? అతని నడుమునకు కట్టిన మోకు, చెట్టును కఱచుకొన్న పాదములు, వీపు వంపు, వీనిని కంటితో చూచియే పట్టవలెను. కొండపల్లి బొమ్మ చిన్నదని దానిని ఆటవస్తువుగా త్రోసిపుచ్చువారున్నారు. ఎత్తును బట్టి శిల్పమును లెక్కించుట సరికాదు.

ఇక పేరు సంగతి. దీనికి హైదరాబాదులోనే ఒక గొప్ప ఉదాహరణమున్నది. మాదాపూరునుండి మూసీయొడ్డుకు పోయినచో సాలార్‌జంగ్ మ్యూజియము. 1951లో ప్రజలకు తెఱచిన ఆ మ్యూజియమున రెండు శిల్పములను చూడని సందర్శకుడుండడు. మొదటిది పాలరాతి రెబెక్కా. పలుచని మేలిముసుగు చాటున ముఖము కనబడునట్లు ఱాతిని చెక్కిన ఆ శిల్పి ఇటలీ దేశస్థుడు, జియోవన్ని మరియా బెంజోని. మొదటి సాలార్‌జంగ్ దానిని 1876లో ఇటలీనుండి కొని తెచ్చెను. శిల్పి పేరు, దేశము, కొన్న సంవత్సరము అన్నియు లిఖితములై యున్నవి.

రెండవది కొయ్యశిల్పము. ఒకే సికమోరు దుంగలో ముందువైపున ఒక మూర్తి, వెనుకవైపున మఱియొక మూర్తి. ముందు నిలిచినవాడు మెఫిస్టోఫిలీస్: జర్మను మహాకవి గేటే వ్రాసిన ఫౌస్టు నాటకములోని పిశాచము, గడ్డమెత్తి, గర్వముగా నిలిచియుండును. వెనుక అద్దములో చూచినచో అదే దుంగనుండి తలవంచుకొని, ప్రార్థనపుస్తకము చేతబట్టిన కన్య మార్గరెట్టా. అతని అంగీ మడతలు ఎచ్చట ముగియునో ఆమె వస్త్రపు మడతలు ఎచ్చట మొదలగునో తెలియదు. అహంకారమును, అణకువను వీపునకు వీపు చేర్చి ఒకే చెట్టులో చెక్కిన ఆ చేయి సామాన్యమైనది కాదు. అది పందొమ్మిదవ శతాబ్దమునాటి పని. చెక్కినవాని పేరు మాత్రము లేదు. ఒకే మ్యూజియములో ఱాతిశిల్పికి పేరున్నది, కొయ్యశిల్పికి పేరు లేదు. సముద్రముల కావలి దేశములందు గూడ దారుశిల్పి గతి ఇట్లే యున్నదన్నమాట.

మన కాకతీయుల రామప్పగుడిని తలచికొనుడు. 1213లో దానిని కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. అయినను జనులు ఆ గుడిని పిలుచునది రామప్ప పేరున. రామప్ప శిల్పి యని జనశ్రుతి. కట్టించినవానిని వెనుకకు నెట్టి చెక్కినవాడు ముందుకు వచ్చిన చోటు అది. 2021లో ఆ పేరు యునెస్కో పట్టికకు గూడ ఎక్కినది. కొయ్యలో ఒక్క రామప్ప యేల లేడు?

కొయ్య నిలువదు గనుక. చెద తినును, వాన నానును, నిప్పు కాల్చును. ఱాయి వేయేండ్లు సాక్ష్యము చెప్పును. కొయ్య రెండు మూడు తరములు చెప్పి మౌనము వహించును. కాని ఱాతికంటె ముందు పుట్టిన శిల్పము కొయ్యదే అనుటకు ఱాయే సాక్ష్యము. కామవరపుకోట సమీపమున గుంటుపల్లి కొండలో క్రీస్తుపూర్వపు బౌద్ధ చైత్యగృహమొకటి కలదు. గుండ్రని ఆ గుహ లోకప్పును చూచినచో ఇంటి వాసముల వలె ఱాతిలో నిలువు పట్టెలు తీర్చియుండును. ఱాతిగుహకు వాసములతో పనియేమి? ఆ శిల్పులు అంతకుముందు కొయ్యతో కట్టిన మందిరములను చూచి, ఆ రూపమునే ఱాతిలో నిలిపినారు. ఆ కొయ్యమందిరములు మట్టిలో కలిసినవి. వాని ఆకారమును మాత్రము ఱాయి దాచినది.

కావున కొయ్యపనిలో మిగులునది వస్తువు కాదు, చేయి. పూరీ జగన్నాథుని చూడుడు. ఆ మూర్తులు వేపకొయ్యవి. 1996లో చెక్కినవానిని 2015లో మార్చి క్రొత్తవి చెక్కిరి. దేవుడు పాతబడినపుడెల్ల చెక్కగల చేయి సిద్ధముగా నుండవలెను. ఒక్క తరము తప్పినచో దారి తెలిసినవాడుండడు. ఱాతిశిల్పి కుమారుడు పని మానినను తండ్రి చెక్కిన స్తంభము నిలిచియే యుండును. దారుశిల్పి కుమారుడు మానినచో ఏబదియేండ్లలో తండ్రి పనియు, తండ్రి విద్యయు రెండును పోవును. మన పల్లెలలో గ్రామదేవత గుడిముందు కొయ్య పోతరాజును నిలిపిన వడ్రంగుల సంతతి ఎందఱు నేడు ఉలి పట్టుచున్నారో ఎవరి ఊరిలో వారు లెక్క చూచుకొనవచ్చును.

చేయి నిలుచుటకు ముందు చెట్టు నిలువవలెను. మన పూర్వులు ఈ సంగతిని మఱవలేదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమకు కొయ్య తెచ్చుటను గూర్చి వనసంప్రవేశమను అధ్యాయమునే వ్రాసెను. శ్మశానములందు, బాటలమీద, గుడులచెంత పెరిగిన చెట్టును కొట్టరాదు. పిడుగుపడినదానిని, గాలికి విఱిగినదానిని, పక్షులగూళ్లున్నదానిని తాకరాదు. దేవదారు, చందనము, జమ్మి, ఇప్ప మొదలైనవి కొందఱికి తగును. కొట్టుటకు ముందు ఆ చెట్టుమీద నివసించు భూతములను పూజించి, వేఱొకచోటికి పొండని వేడుకొనవలెను. అన్నిటికంటె సొగసైన విధి మఱియొకటి కలదు. చెట్టు నిలిచియున్నపుడే ఏ వైపు తూర్పో, ఏది మొదలో, ఏది కొనయో దానిమీద గుర్తు పెట్టవలెను. ప్రతిమను నిలుపునపుడు ఆ దిక్కులు తప్పరాదు. అడవిలో తూర్పునకు తిరిగిన వైపు గుడిలోను తూర్పునకే తిరుగవలెనన్నమాట. భూతములను నమ్మినను నమ్మకున్నను, గూడున్న చెట్టును కొట్టరాదను నియమము అడవిని కాపాడునదే.

నేటి సంకటము అచ్చటనే యున్నది. తెల్లపొణికి పొడినేలల కొండలమీద మెల్లగా పెరుగు చెట్టు. విత్తనము పైపెంకు గట్టిది, మొలకెత్తుట కష్టము. కొట్టుట యెక్కువై, మొలచుట తక్కువైనందున చుట్టుపట్ల కొండలలో అది అరుదైనది. బొమ్మలవారికి కొయ్య కొనవలసిన దూరమును, వెలయు పెరిగినవి. ఎఱ్ఱచందనము కథ వేఱు. శేషాచలము కొండలలో పుట్టు ఆ చెట్టును దొంగలు కొట్టి దేశములు దాటించుచున్నందున చట్టము కట్టుదిట్టమైనది. ఆ కట్టుదిట్టము అవసరమే. కాని నియమము ప్రకారము దుంగ కొని మూర్తిని చెక్కు శిల్పికి గూడ ప్రతి దుంగకు కాగితములు చూపవలసి వచ్చును. దొంగకు కాగితముల బాధ లేదు!

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. శిల్పారామమును వేసినది ప్రభుత్వమే. లేపాక్షి, గోల్కొండ అను పేర్లతో అంగళ్లు నడుచుచున్నవి. 1999నాటి భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు గుర్తింపు లభించినది. ఇతర ప్రాంతపు సరకునకు ఆ పేరు పెట్టి అమ్మరాదు. 2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఢిల్లీ వీథిలో ఊరేగినవి ఏటికొప్పాక బొమ్మలే. ఇవన్నియు మేలైన పనులు. అయినను ఈ గుర్తింపు ఊరికి గాని మనిషికి కాదు. కొండపల్లి యను పేరును చట్టము కాపాడును. కొండపల్లిలో ఫలానా బొమ్మను ఫలానా వ్యక్తి చేసెనని వ్రాయు కాలము ఏ పట్టికలోను లేదు. 2023లో ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజుగారికి పద్మశ్రీ లభించుట సంతోషకరము. అట్టివి ఒకటి రెండు. తక్కినవారు ఊరిపేరులోనే కరగిపోవుచున్నారు.

ఇపుడు క్రొత్త పోటీ యొకటి వచ్చినది. అంకెలలో వ్రాసిన ఆజ్ఞలను చదివి తనంత తానుగా కొయ్యను తొలుచు సి.ఎన్.సి. యంత్రములు తలుపులమీద లతలను, దేవతలను చెక్కుచున్నవి. ఒకటి చేసినదానిని వేయిసార్లు వెండ్రుకవాసి తేడా లేక చేయును. దీనిని నిందించి ప్రయోజనము లేదు. తలుపు కావలసినవాడు చౌకను చూచును. యంత్రము చేయలేనిది ఒకటున్నది. దుంగ నడుమ ముడి వచ్చినపుడు శిల్పి ఆగి, ఏనుగు తొండమును ఇంకొక వైపునకు వంచును. ఆ వంపు అతనిది. మఱియొక ఏనుగునకు అది రాదు. చేతిపనికి వెల ఎక్కువ యేల అనువారికి ఇదియే సమాధానము. అయితే ఆ వంపు ఎవరిదో తెలియనపుడు, అది అరువది ఏండ్ల అనుభవము గలవానిదో నిన్న చేరిన కుఱ్ఱవానిదో కొనువానికెట్లు తెలియును? పేరు లేని సరకునకు వెల కట్టునది దళారి. సంతలో పశువునకు గూడ ఫలానావారి దొడ్డిలోనిదని చెప్పిన ధర వేఱు.

పనివాని కుమారుడు ఉలి విడిచి సైబరాబాదులో కాపలా ఉద్యోగమునకో, బండి నడుపుటకో పోయినచో అతనిని తప్పుపట్టువారు మొదట ఈ లెక్క వేయవలెను. నెలజీతము నెల తిరుగగానే వచ్చును. బొమ్మ డబ్బు పండుగకు వచ్చును, కొయ్యకు పోవును, మిగిలినది రంగులకు పోవును. తండ్రి గౌరవము కొఱకు కుమారుడు పస్తుండవలెననుట ఎవరికిని తగదు. తండ్రి పేరు బొమ్మతోబాటు మాదాపూరు చేరి, దానిని చూచి ఎవరైన మఱల అతని పనియే కావలెనని అడిగినపుడు ఆ కుఱ్ఱవాడు ఆలోచించును. కవికి పాఠకుడెట్లో, శిల్పికి పేరడిగి కొనువాడు అట్లు.

గ్రంథాలయములకు ఇందులో చేయదగిన పని యున్నది. కొలువులకని ఊరిలోని ఇండ్లలో దాచిన పాతబొమ్మలుండును. అవి ఏ యేట, ఎచ్చట, ఎవరివద్ద కొన్నవో పెద్దలు జ్ఞాపకమున్నంతవఱకు చెప్పగా వ్రాసి, ఒక చిట్టా గ్రంథాలయమున ఉంచవచ్చును. ఊరి రథమును, వాహనములను, పోతరాజును చెక్కిన వడ్రంగుల పేర్లు, వారి ఊళ్లు, తెలిసిన సంవత్సరములు అందే చేర్చవచ్చును. పది పుటలు నిండినను చాలును. దానికి ఖర్చు ఒక నోటుపుస్తకము.

అంగడిలో కొనువారు చేయదగినది ఇంకను చిన్నది. బొమ్మను త్రిప్పి పట్టినచో పీఠము అడుగున బొటనవ్రేలంత చోటుండును. కుంచె ఇంకను తడిగా నున్నపుడే అచ్చట రెండు పేర్లు వ్రాయుమని అడుగవచ్చును: చెక్కినవానిది ఒకటి, కన్ను దిద్దినయామెది ఒకటి.